గాలి కబురు

నరసాపురం,
14-12-2009

నూకరత్నానికి వీరబాబు రాసేది. ఇక్కడ నేను, నాన్న, హారతి కులాసాగానే ఉన్నాం. కువైట్‌లో నీ ఒంట్లో బాగుందనీ, ఆ ఇంటివాళ్ళు వేళకు తిండి పెడుతున్నారనీ తలుస్తాను.

నువ్వు పంపిన సెల్‌ఫోన్ పనిచేస్తోందా అని అడిగావు. బాగానే చేస్తోంది. సముద్రం మీద గాలి ముదిరేటట్టుంటే చేపల ఆఫీసు వాళ్ళు దానికి మెసేజ్ పంపుతారు. ఇంగ్లీషు అక్షరాల్లో వచ్చే తెలుగుని హారతి చదివి చెబుతుంది. మావయ్య నమ్ముతున్నారా అని కూడా రాశావు. మొదటిసారి వేటకు వెళ్ళొద్దని వస్తే అందరం ఆగిపోయాం. ఆ రోజు ఆకు కూడా కదల్లేదు. "ఫ్యాను కింద కూచున్నోడికి గాలి సంగతేం తెలుస్తుందిరా" అన్నాడు నాన్న. రేవులో అంతా నవ్వారు.

ఫోన్లో నీకు చెప్పలేకపోయిన మాట ఒకటుంది. మన పడవ పోయింది.

పోయిన నెల మళ్ళీ మెసేజ్ వచ్చింది. వెళ్ళొద్దని ఉందని హారతి చదివి చెప్పింది. నేను రానన్నాను. నాన్న పక్కింటి పెద్దిరాజుని తీసుకుని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి గాలి లేచింది. పొద్దు వాలినా వాళ్ళు రాలేదు. ఏం తోచక ఆఫీసు నంబరుకు ఫోన్ చేశాను. ఎత్తుతారనుకోలేదు. ఎవరో పెద్దాయన ఎత్తి, "కంగారు పడకండి. పడవలో ఎవరెవరున్నారండి?" అన్నారు. లోవరాజు అని నాన్న పేరు చెప్పేసరికి నాకు ఏడుపు ఆగలేదు. నేను తేరుకునేదాకా ఆయన లైన్లోనే ఉన్నారు.

తెల్లారాక ఆయనే ఫోన్ చేశారు. పెద్ద బోట్లకు వైర్‌లెస్‌లో కబురు పెట్టారట. తిరగబడ్డ పడవను పట్టుకుని ఉన్న ఇద్దరినీ ఒక బోటువాళ్ళు ఎక్కించుకున్నారట.

ఒడ్డు చేరాక నాన్న, "వద్దన్నా వెళ్ళానని తిట్టాడా ఆయన?" అని అడిగాడు.

"లేదు నాన్నా. నీ పేరడిగారు."

"నా పేరా?" అని మళ్ళీ అడిగాడు.

ఆ పడవ నీ కష్టం. ఇన్నాళ్ళూ దాచినందుకు కోప్పడు, పడతాను. ఇప్పుడు పెద్ద బోటు మీద కూలికి వెళ్తున్నాను. దీనివల్ల నువ్వు తిరిగి రావడం ఆలస్యమవుతుందేమోనన్నదే నా దిగులు.

మొన్న మళ్ళీ వెళ్ళొద్దని మెసేజ్ వచ్చింది. రోజంతా ఎండ కాసింది. "ఏం లోవరాజూ, మీ ఆఫీసరు మళ్ళీ తప్పు చెప్పాడే" అని రేవులో వాళ్ళు ఆటపట్టించారు.

నాన్న నవ్వలేదు. "తప్పు చెప్పుంటాడు. పిలిస్తే పలికాడు కదా" అన్నాడు.

ఇట్లు,
హారతి నాన్న,
వీరబాబు