చొక్కా జేబులో దొరికిన సెలవు కాగితం

ఏమండీ, రాత్రి షిఫ్టు చేసొచ్చి పడుకున్నారని లేపలేదు. మీ సెలవు కాగితం టేబులు మీద గ్లాసు కింద పెట్టాను. నీలం చొక్కా నానబెట్టబోతుంటే జేబులో దొరికింది. దాని మీద పోయిన నెల పదో తారీకుంది. ఆ రోజే ఇచ్చేశానని నాతో అన్నారు. మీ మాట నమ్మి నేను ఇల్లు ఖాళీ చేస్తున్నామని ఓనరుగారికి చెప్పేశాను కూడా.

తారీకు కొట్టేసి ఇవాళ్టిది వేయండి. సాయంత్రం మిషను దగ్గరికి పోకముందే మేనేజరు చేతిలో పెట్టండి. "పిల్లల్ని వెంటేసుకుని ఏడాదిపాటు దేశాలు తిరుగుతావా?" అని ఆయన నవ్వుతాడు. నవ్వనివ్వండి. మీరూ ఆయనతో కలిసి నవ్వేసి, కాగితం ఇవ్వకుండా వెనక్కి రాకండి.

నేను పిల్లల్ని తీసుకుని బడికి వెళ్తున్నాను. ఏడాది పాఠాలు దారిలో మేమే చెప్పుకుంటామంటే, పెద్ద టీచరు ఆ మాటే రాసిమ్మన్నారు. అక్కణ్ణుంచి చిన్నాడికి ప్రయాణానికి కావలసిన టీకా వేయించుకుని వస్తాం. అన్నం, కూర పొయ్యి మీదున్నాయి. వేడి చేసుకుని తినండి.

అబద్ధం చెప్పినందుకు కోపంగానే ఉంది. భయమేస్తోందని ఒక్క మాట అంటే నేనేమైనా అనేదాన్నా? నాకు మాత్రం లేదా భయం? అయినా వెళ్తున్నాం.

మరిచిపోయాను. పొద్దున జడ వేస్తుంటే పెద్దది అడిగింది, "అమ్మా, ఆ ఊళ్లలో కూడా మేం లేచేసరికి నాన్న నిద్రపోతూ ఉంటాడా?" అని. లేదే, మీతోపాటే లేస్తాడన్నాను. మిమ్మల్ని అడక్కుండానే మాటిచ్చేశాను.