ఎడపల్లి దారిలో ఉడికిన బండి

5 ఫిబ్రవరి 1968, సోమవారం

మోస్రా పటేల్ కారు మళ్ళీ వచ్చింది. ఈసారి ఎడ్లు లాక్కొని వచ్చాయి.

ఎడపల్లి దాటగానే ఉడికి ఆగిపోయిందట. ఖాళీగా పోతున్న చెరుకు బండి ఎడ్లను విప్పించి, ముందర మోకు కట్టించి, బోధన్ దాకా ఈడ్పించాడు. స్టీరింగు దగ్గర డ్రైవర్ ప్రకాశం. వెనక సీట్లో పటేల్, అద్దాలు పైకెత్తుకొని. నిజామాబాద్ కోర్టులో వాయిదా ఉండె, తప్పింది. దారి పొడుగునా చెరుకు బండ్ల వాళ్ళ నవ్వులు. నా షెడ్డు ముందర కూడా ఒకడు అరిచాడు— "పటేలా, పెట్రోలు కన్న గడ్డే అగ్గువనా!"

పటేల్ దిగాడు. "ఏమైంది దీనికి మిస్త్రీ?"

బోనెట్ మీద చెయ్యి పెట్టి చూశాను. కాలింది. మాడిన రబ్బరు వాసన. "నీళ్లు లేకుండ నడిపిండ్రు పటేలా. ఇంజన్ హెడ్డు కాలి ఉంటది."

"వింటివారా?" ప్రకాశం వైపు తిరిగి. "రేపటి సంది రాకు."

"పొద్దుగాల నిండ పోసిన పటేలా..."

అని నా దిక్కు చూశాడు. నేను పానాల డబ్బాలో ఏదో వెతుకుతున్నాను.

6 ఫిబ్రవరి

ఫ్యాన్ బెల్టు వదులు. బిగించాను. ఎడపల్లి దాకా నడిపి చూశాను. చెరుకు బండ్ల వెనక ఎద్దు నడక. రోడ్డంతా నలిగిన చెరుకు, పేడ. వేడి చూపే ముల్లు మళ్ళీ ఎర్ర గీత దాటింది. చెట్టు కింద గంటసేపు చల్లారబెట్టి తెచ్చాను.

7 ఫిబ్రవరి

థర్మోస్టాట్ తీసేసి నడిపాను. తేడా లేదు. వాటర్ పంపు విప్పాను. బాగుంది.

చక్కెర ఫ్యాక్టరీ కాలువ గబ్బు షెడ్డులోకి కొడుతోంది. అన్నం ముద్ద దిగలేదు.

8 ఫిబ్రవరి

అదే ఎడపల్లి. అదే ఆవిరి. థూ.

9 ఫిబ్రవరి, శుక్రవారం

ఇంజన్ నడుస్తుండగా రేడియేటర్ మూత తీసి చూశాను. బుడగలు లేవు. గ్యాస్కెట్ పోలేదు. అయినా నమ్మక హెడ్డు విప్పాను. కాలలేదు. వంపు లేదు. నీళ్లు లేకుండా నడిచిన ఇంజన్ కాదు ఇది.

సోమవారం నేనన్న మాట తప్పు. బోనెట్ కూడా ఎత్తకుండా అన్నాను. ఆ ఒక్క మాట మీద మనిషి పని పోయింది.

హెడ్డు మళ్ళీ బిగించి నడిపాను. సాయంత్రం తోచి రేడియేటర్ మీద అరచెయ్యి ఆనించి పై నుంచి కిందికి తెచ్చాను. పైన ముట్టుకోనివ్వదు. కింది సగం కుండలా చల్లగా ఉంది. నీళ్లు దిగడం లేదు. మొదటి రోజే చెయ్యవలసిన పని. ఇరవై ఏళ్లుగా చేస్తున్న మిస్త్రీ పని ఇదీ!

10 ఫిబ్రవరి

రేడియేటర్ ఊడదీసి పై నుంచి బకెట్టు నీళ్లు పోశాను. కింద నుంచి దారంలా వచ్చింది. టంకం కరిగించి పై తొట్టి విప్పాను.

పసుపు.

పసుపు, తుప్పు కలిసి ముద్ద. పైన ఆకుపచ్చ జిగురు. పాడైన మామిడికాయ తొక్కు కంపు. గొట్టాలన్నీ దానితోనే పూడిపోయాయి. వేలితో తీస్తుంటే గోళ్లలోకి ఎక్కింది. బయటికి పోయి వాంతి చేసుకున్నాను.

పోయిన వానకాలం ఇదే రేడియేటర్ కొంచెం కారుతోందని వచ్చింది. టంకం పెట్టే ఓపిక లేక రెండు చెంచాల పసుపు పోశాను. పసుపు ఉబ్బి సందును మూస్తుంది. మా మిస్త్రీలందరూ చేసేదే, ఊరు చేరేదాకా ఆగుతుంది. ప్రకాశం పక్కనే ఉన్నాడు. "మళ్ల కారితే ఇంకింత వెయ్యి" అన్నాను. ఎప్పుడు ఆపాలో చెప్పలేదు. పటేల్ ఇంట్లో పసుపుకు కరువా? బస్తాలు. ప్రకాశం ప్రతి నెలా వేసినట్టున్నాడు.

ఏడేళ్ల కింద నా దగ్గరే పని నేర్చుకున్నాడు. నేను చెప్పింది చెప్పినట్టు చేస్తాడు.

11 ఫిబ్రవరి, ఆదివారం

సన్నటి ఇనుప బద్దతో గొట్టాలు ఒక్కొక్కటీ పొడిచాను. ముద్దలు ముద్దలుగా రాలింది. కడిగేస్తే అయిపోతుంది. పటేల్‌కు ఇది చూపించేవాడు లేడు. కడిగిన నీళ్లు మోరీలో పోశాను. మోరీ కూడా పచ్చబడింది.

పొద్దుటి నుంచి ఇదే ఆలోచన. నా మీద నాకే రోత.

12 ఫిబ్రవరి

ప్రకాశం భార్య సుగుణ వచ్చింది. చందూర్ నుంచి మొదటి బస్సుకు. లోపలికి రమ్మంటే రాలేదు.

"అన్నా, ఏం తప్పు చేసిండే మా ఆయన? అడిగితే నోరిప్పుతలేడు. చెరుకు కొట్టవోతుండు. చేతులన్ని కోసుకపోయినయి. నిన్న చర్చికి గూడ రాలే, నలుగురు అడుగుతరని."

"చూస్తున్న చెల్లె" అన్నాను. చేతుల పసుపు గుడ్డతో తుడుచుకుంటూ. ఆమె పోయినాక కూడా తుడుస్తూనే ఉన్నాను.

13 ఫిబ్రవరి

టంకం పెట్టి బిగించాను. నిజామాబాద్ పోయి వచ్చాను. ముల్లు సగం దగ్గర నిలబడింది, కదలలేదు. వచ్చేటప్పుడు కావాలనే చెరుకు బండ్ల వెనక నెమ్మదిగా నడిపాను. అయినా కదలలేదు.

బండి బాగయినందుకు సంతోషం రావాలి. రాలేదు.

14 ఫిబ్రవరి, బుధవారం

పటేల్ వచ్చాడు. బండి చుట్టూ తిరిగాడు. "హెడ్డు మార్చినవా?"

"హెడ్డుకు ఏం కాలే పటేలా. నీళ్లు తక్కువ గాలే. పసుపు అడ్డం పడ్డది. పసుపు పొయ్యిమన్నది నేనే. ప్రకాశం తప్పేం లేదు."

పటేల్ కడుపు పట్టుకొని నవ్వాడు. "నా పసుపు నా బండికే తినిపిచ్చిండ్రా! బండికేమన్న జలుబు చేసిందా మిస్త్రీ?" పళ్ల మీద కిళ్లీ మరక. నేను తిట్లకు సిద్ధపడి ఉన్నాను, నవ్వుకు కాదు.

తర్వాత నవ్వు ఆగింది.

"ఎల్లగొట్టిన తెల్లారి ప్రకాశం మా వాకిట్లకొచ్చి నిలవడ్డడు. ఎందుకు ఉడికిందిరా అని మూడు సార్లు అడిగిన. నీళ్లు పోసిన, నీళ్లు పోసిన... గంతే. పసుపు మాట లేదు. నీ పేరు లేదు."

"మళ్ల పెట్టుకోండ్రి పటేలా."

"నలుగుర్ల ఎల్లగొట్టినోన్ని నేనెట్ల పిలుస్త? నువ్వన్నవ్, నేను ఎల్లగొట్టిన. నువ్వే తోలుకరా. సోమవారం బండి తీస్కపోను మనిషి రావాలె. వాడొస్తె వాడే. రాకుంటె వర్నిల ఇంకొక డ్రైవరున్నడు, మధ్యాహ్నం పగటీలి బస్సుకు వాన్ని పంపుత."

16 ఫిబ్రవరి, శుక్రవారం

చందూర్ పోయాను. చెరుకు తోటలో ఉన్నాడు. కొట్టిన గడలు మోపు కడుతున్నాడు. ముంజేతుల నిండా ఆకు కోసిన గీతలు. నన్ను చూసి ముందు మోపు ముడి బిగించి, తర్వాత లేచాడు.

"తప్పు నాదే ప్రకాశం. పసుపుతోని గొట్టాలు మూసుకపోయినయి."

"ఎర్కనే ఉస్తాద్."

"ఎర్కనా?"

"దీపావళి సంది ఉడుకుడు పెరిగింది. పసుపుతోనే అనుకున్న. ఆపుమని నువ్వనలే."

"మరి పటేల్ అడిగినప్పుడు ఎందుకు చెప్పలే?"

"పని నేర్పినోని పేరు పటేల్ వాకిట్ల ఎట్ల జెప్త?"

పక్క సాలులో కొడుతున్న ముసలామె వింటోంది. "ఎవలురా, మీ ఉస్తాదా? నిలవడి చూసుడేనా? కత్తి ఇయ్యిరాదు, రెండు గడలు కొడుతడు!" ప్రకాశం నవ్వలేదు.

సోమవారం సంగతి చెప్పాను. బండి బాగయిందని, పటేల్‌తో అంతా చెప్పానని. తల ఊపాడు. అది సరే అనా, విన్నాననా...

మోపు భుజానికి ఎత్తుకున్నాక అన్నాడు.

"పసుపుకు నాకు కోపం లేదు ఉస్తాద్. ఆ సోమవారం నేను పక్కకే నిలవడ్డ. బోనెట్ గూడ ఎత్తలే నువ్వు."

చెరుకు బండి వైపు పోయాడు. నేను గట్టు మీద నిలబడ్డాను. మళ్ళీ ఇటు రాలేదు. ముసలామె మొదళ్ళు కొడుతూ నా దిక్కు చూసి పక్కకు ఉమ్మింది.

17 ఫిబ్రవరి

పని చెయ్యలేదు.

19 ఫిబ్రవరి, సోమవారం

పొద్దున బండి కడిగాను. రేడియేటర్ నిండా ఉంది. రెండుసార్లు మూత తీసి చూశాను.

చందూర్ నుంచి మొదటి బస్సు వచ్చి పోయింది. ఎవరూ రాలేదు. ఎదుటి హోటల్ అతను చాయ్ పంపాడు, చల్లారిపోయింది. ప్రకాశం వస్తే ఏమనాలో తోచదు. ఏమీ అనకుండా తాళం చెవి చేతిలో పెట్టడమే మంచిదేమో. రాకపోతే ఇంకొకడి చేతిలో పెట్టాలి, బండి గురించి చెప్పాలి. కారితే ఏం చెయ్యాలో కూడా.

ఇది రాస్తుండగానే పగటీలి బస్సు ఆగింది. ప్రకాశమో, వర్ని మనిషో, ఎవరో దిగారు. అడుగులు షెడ్డు దిక్కే వస్తున్నాయి. తల ఎత్తలేదు ఇంకా.