మీ తేదీ మీద గీత

నాన్నగారికి,

మీ అబ్బాయి నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. ప్రతి ఉత్తరంలోనూ ఈ మాట అలవాటుగా రాసేసేవాణ్ణి, ఈసారి రాసి కాసేపు ఆగాను. మీ మోకాలి నొప్పి తగ్గిందని అక్క చెప్పింది, సంతోషం. ఫోన్ చేయకుండా ఉత్తరమెందుకని మీకు అనుమానం వస్తుంది. ఫోన్లో మీ గొంతు వింటే చెప్పాల్సిన మాట మింగేస్తాను. ఇప్పటికే రెండుసార్లు మింగాను.

మీ మనవరాలు బుడంకాయ బడికి వెళ్తోంది. అదే, మన నీళ్ల ట్యాంకు పక్కనున్న చిన్నపిల్లల బడి. ఆటల వేళకు ట్యాంకు నీడంతా వాళ్ల ఆవరణలోనే పడుతుంది. "నాన్నా, మా బడికి పే..ద్ద గొడుగుంది" అంటుంది. ఇదివరకు ఆ మాటకు నవ్వేవాణ్ణి.

ఇక మీ ప్రశ్నలు. "కాకుల్ని ఫొటో తీయడానికి ఫిరంగి ఎందుకురా?" అన్నారు. కాకులు కాదు, ట్యాంకు మీద గూడు పెట్టిన డేగలు. రెండు కెమెరా లెన్సుల మధ్య కొట్టుమిట్టాడుతున్నాను. రెండూ దూరాన్ని ఒకేలా దగ్గరికి లాగుతాయి. ఒకటి ఎఫ్ ఫోర్, తేలిక. రెండోది రెండు పాయింట్ ఎనిమిది. దాని కన్ను పెద్దది, రెట్టింపు వెలుతురు లోపలికి వస్తుంది, పొద్దు వాలాక కూడా ఎగిరే రెక్క చెదరకుండా పడుతుంది. కానీ మెడకు తగిలించుకుంటే చంటిపిల్లను మోసినట్టే. "అది మోసే ఓపికుంటే గ్యాస్ సిలిండరు కూడా మోయొచ్చుగా" అంది మీ కోడలు.

కెమెరాల కొట్టతను ఒక్కో ఆదివారం ఒక్కోటి పరీక్షకు ఇచ్చాడు. మేడ మీద స్టాండు వేసి, రెండింటితోనూ ఒకే వేళకు ఒకే చోటికి గురిపెట్టి, ఫొటోలు పెద్దవి చేసి పోల్చుకోవాలి. గురికి మీ తేదీనే పెట్టుకున్నాను. ఏటా తనిఖీకి ఎక్కినప్పుడు నిచ్చెన ఆఖరి మెట్టు పక్కన, ట్యాంకు గోడ మీద మీరు ఎర్ర రంగుతో రాసిన తేదీల్లో చివరిది, మీరు రిటైరైన ఏడాదిది. అంకెలు చదవగలిగితే లెన్సు మంచిదన్నమాట.

మొదట పెద్ద లెన్సు. అంకెలు చక్కగా వచ్చాయి గానీ, వాటి కింద వెంట్రుకంత నల్లటి గీత. లెన్సు అద్దానికి గీత పడిందని కొట్టతని మీద ఇంతెత్తున లేచాను. అతను దాన్ని దీపం ముందు తిప్పి తిప్పి చూశాడు. "సార్, అద్దం మీద గీత పడితే ఫొటోలో మసక వస్తుంది గానీ ఇంత సన్నగా గీత రాదు. ఇది మీరు తీసిన గోడదే అయ్యుంటుంది" అన్నాడు. నేను వినిపించుకోలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, లెన్సు అతని మొహాన పడేసి వచ్చేశాను.

రెండు వారాల తర్వాత, ఈ పొద్దున, రెండో లెన్సు. అదే గీత. ఈసారి తేదీ కింద ఆగలేదు. మీ మొదటి అంకెను చీల్చుకుని పైకి పోయింది. దాని వెంబడి తడి కూడా ఉంది.

నాన్నగారూ, ఇక దాచను. "నా తేదీ కింద నీవి ఎన్ని చేరాయో ఆ ఫిరంగితో తీసి పంపు" అని పోయిన ఉత్తరంలో రాశారు. ఒక్కటీ లేదు. మీ తర్వాత ఈ తనిఖీ పని నాకొచ్చిన మొదటి ఏడాది ఎక్కాను. సగం దాటాక ఒక మెట్టు ఊడి కాలు గాలిలో వేలాడింది. దిగి వచ్చేశాను. అయినా, "ఎక్కి పరీక్షించితిని, బాగున్నది" అని రిజిస్టరులో రాసి సంతకం పెట్టాను. ఈ ఏటితో అలాంటి సంతకాలు ఐదు. గోడకు చేయి ఆనించనిదే సంతకం పెట్టకురా అన్న మీ మాట ప్రతిసారీ గుర్తొచ్చింది, అయినా పెట్టాను. మీరేమో నా కొడుకు నాకంటే గట్టివాడని అక్కడ అందరికీ చెబుతున్నారట. అక్క ఆ మాట చెప్పినప్పుడు తల కొట్టేసినట్టయింది.

పొద్దున్నే పంపుహౌసుకు వెళ్లి మోటారు ఆపించాను. ట్యాంకు ఖాళీ అవ్వాలని వీధుల వాల్వులన్నీ తెరిచేశాను. రాని వేళ నీళ్లొచ్చాయని పక్కింటి పెద్దావిడ "నువ్వు చల్లగా ఉండు నాయనా" అని దీవించింది. ఆవిడ మొహంలోకి చూడలేకపోయాను.

పంపుహౌసులో కూడా అబద్ధమే ఆడాను. ఆపరేటరుతో "మోటారు వేడెక్కుతోంది, నేను చెప్పేదాకా వేయకు" అన్నాను. గీత సంగతి చెబితే ఐదు సంతకాల సంగతీ చెప్పాలి మరి. రేపు ఇంజనీరుగారి ముందు ఫొటోలు పెట్టి అన్నీ ఒప్పేసుకుందాం, ఉద్యోగం పోతే పోయింది, ఈ ఒక్క రోజు గడిస్తే చాలనుకున్నాను. బుడంకాయను రేపు బడికి పంపను. మిగతా పిల్లల తల్లులకు ఏం చెప్పాలో—

నాన్నగారూ, ఇది రాస్తుండగానే ఆపరేటరు ఫోన్ చేశాడు. "సార్, మీరు చెప్పారు కదా అని మెకానిక్‌ని పిలిచి మోటారు విప్పించాను. సలక్షణంగా ఉంది. రెండు గంటల కిందటే వేసేశాను, వాల్వులు కూడా కట్టేశాను. ట్యాంకు నిండిపోవచ్చింది, మీరు నిశ్చింతగా ఉండండి" అన్నాడు. పాపం, ఎంత మంచివాడో.

"ఆపెయ్! ట్యాంకు పగిలింది! నేనెప్పుడూ పైకెక్కి చూడలేదు!" అని అరిచాను. ఐదేళ్లలో మొదటిసారి నిజం చెప్పాను.

"ఏంటి సార్? మోటారు చప్పుడులో ఏమీ వినబడట్లేదు" అన్నాడు. ఫోన్ తెగిపోయింది. మళ్లీ చేస్తే ఎత్తట్లేదు. అతను కూర్చునేది సరిగ్గా ట్యాంకు కిందే.

మీ కోడలు ట్యాంకు వీధిలో వాళ్లను ఇళ్లలోంచి బయటికి పంపడానికి పరిగెత్తింది. నేను పంపుహౌసుకు వెళ్తున్నాను. ఈ నాలుగు ముక్కలు నిలబడే రాస్తున్నాను. మేడ మీద నుంచి చూస్తే ట్యాంకు రోజూలాగే ఉంది. మీరడిగిన ఫొటో కవరులో పెట్టాను. అందులో మీ తేదీ ఒక్కటే ఉంటుంది.

ఇట్లు,
దాని కింద ఒక్క తేదీ కూడా రాయని
మీ కొడుకు