నీ నీలం స్కార్ఫ్

బ్రూక్లిన్, 1983

మిరియం,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పోయినవారం పెళ్లయిన నీ కూతురు పొద్దున్నే మా ఇంటికొచ్చింది. పెళ్లయిన మీ యూదు ఆడవాళ్లందరిలాగే పరాయి మగాళ్లకి జుట్టు కనబడకుండా స్కార్ఫ్ కట్టుకుంది. నీ నీలం స్కార్ఫే.

ఆఖరి రోజుల్లో నీ నర్సుని నేనే కదా. నీ ఊపిరి ఆగగానే అలవాటుకొద్దీ నీ తలమీంచి ఈ స్కార్ఫ్ విప్పేశాను. తలుపైనా మూయలేదు. మగ డాక్టర్లు ముగ్గురు నీ జుట్టు చూశారు. తర్వాత మీ ఆడవాళ్లు నీకు చివరి స్నానం చేయిస్తూ, కడిగినంత మేరే దుప్పటి తీసి, వెంటనే కప్పేశారని విన్నాను. పోయినవాళ్లకీ సిగ్గుంటుందని నర్సింగ్ స్కూల్లో ఎవరు చెప్పారు నాకు?

"ఆంటీ, అమ్మ తలమీద ఇది చివరిదాకా ఉంది కదా?" అనడిగింది.

"ఉందమ్మా" అన్నాను.

నా రెండు చేతులూ పట్టుకుని ముద్దుపెట్టుకుంది. విప్పిన చేతులే అవి.