గంటకోసారి నా ఫోన్‌ని నడిపించండి

ఏవండీ,

నా ఫోన్ బల్ల మీద ఉంది. గంటకోసారి దాన్ని జేబులో వేసుకుని వీధి చివరిదాకా వెళ్లి రండి. కావాలనే వదిలి వెళ్తున్నాను. మా పేపరుకి వార్త ఇస్తానన్న ఆఫీసు గుమాస్తా, "ఫోన్ తెచ్చారంటే నేను నోరు విప్పను మేడమ్" అన్నాడు. నన్ను కలిసినట్టు తెలిస్తే అతని ఉద్యోగం పోతుంది.

ఫోన్ ఒక్కచోటే కదలకుండా ఉంటే, నాకేమైందోనని అత్తయ్య ఊరుకోరు. ఎక్కడికెళ్లినా చేరామని ఫోన్ చేసి చెప్పే శ్రమ తప్పుతుందని ఆవిడకి మన లొకేషన్ మనమే ఇచ్చాం. మొన్న, "చెప్పుల కొట్టులో ముప్పావుగంట ఏం చేశావే?" అని అడిగారు. ఆ చెప్పులు మీకోసం కొన్నవే. ఇవాళైనా తొడుక్కుని నడవండి.

ఆవిడ ఫోన్ చేస్తే, స్నానం చేస్తోందని చెప్పండి. ఒక్కసారే చెప్పండి. పోయినసారి మీరు మూడుసార్లు చెప్పేసరికి చర్మం డాక్టర్ నెంబరు పంపారు. వీధిలో ఉన్నప్పుడు మాత్రం ఆ మాట అనకండి.

మరిచాను. అవసరమైతే ఎవరి ఫోన్ నుంచైనా మీకు చేద్దామనుకుంటే, మీ నెంబరు నాకు నోటికి రాలేదు. పెళ్లయి పన్నెండేళ్లు. అరచేతిలో రాసుకున్నాను. ఇంటికొచ్చేదాకా చెయ్యి కడుక్కోను.