మధ్య బండ

9 జూన్ 2008, సోమవారం
సర్వే ఆఫీసుకు కంప్యూటర్ వచ్చి నెల. గని ప్లాన్లను త్రీడీ బొమ్మగా ఎక్కించే పని నాదే. పైన మూడో సీమ్, అంటే మూడో బొగ్గు పొర — బొగ్గు తీసేసిన పాత పని, నిండా నీళ్లు. కింద నాలుగో సీమ్‌లో మా అన్న వాళ్లు తవ్వుతున్న కొత్త సొరంగం. బొమ్మలో రెండూ అతుక్కుపోయినట్టు కనబడుతున్నాయి. విడిగా కనబడాలని నిలువు కొలతను ఐదింతలు సాగదీశాను. ఇప్పుడు చూడముచ్చటగా ఉంది.

12 జూన్
మేనేజర్ గారు వచ్చారు. బొమ్మను గిరగిరా తిప్పి చూపించాను. నీళ్లకూ సొరంగానికీ మధ్య బండ ఎంత మందం అని అడిగారు. తెర మీదే కొలిచి, నలభై ఐదు మీటర్లని రాసి సంతకం పెట్టాను. ముందుకు తవ్వమన్నారు. మా హెడ్ సర్వేయరు కొమరయ్య కాక కంటి ఆపరేషన్‌కని సెలవులో ఉన్నాడు... ఉంటే మెచ్చుకునేవాడు.

16 జూన్
కాక వచ్చాడు. ఒక కంటికి ఇంకా కట్టు. తెర వైపు చూడలేదు. రెండు సీమ్‌ల ప్లాన్లు పరిచి, లెవెళ్లు — ఎత్తుల అంకెలు — చూసి, కాగితం మూలన తీసివేత వేశాడు. తొమ్మిది మీటర్లు.
“బొమ్మల నిలువు ఎంత సాగదీసినవ్ బిడ్డా?”
ఐదింతలు. కొలిచేటప్పుడు ఆ సంగతే మరిచిపోయాను. అన్న ఫస్టు షిఫ్టులో కిందనే ఉన్నాడు.
“ఏడుసుడు తర్వాత. సారుకు చెప్పాలె, జల్ది నడువు.”
గంటలో అందరినీ పైకి తెచ్చారు. పని ఆపేశారు.

17 జూన్
మేనేజర్ గారు నన్ను కూర్చోమనలేదు.

20 జూన్
తెరను రెండు భాగాలు చేశాను. ఎడమన ప్లాను, కుడిన బొమ్మ. ప్లానులో ఎక్కడ నొక్కితే బొమ్మలో అక్కడ ఎర్రచుక్క, పక్కన బండ అసలు మందం. ఎన్ని ఇంతలు సాగదీశామో పైన పెద్ద అక్షరాల్లో. రెండు చూపులూ కలిసి ఉంటే ఆనాడు తప్పేదాన్ని కాదు. కాక నవ్వాడు — “నేనైతె ఒక్క కన్నుతోనే పట్టిన.”

22 జూన్, ఆదివారం
అన్న భోజనానికి వచ్చాడు. వేరే సెక్షన్‌లో వేశారట.
“సర్వేల ఎవలో మంచిగ చూసి మమ్ముల ఆపిన్రట. వాళ్లు సల్లగుండాలె.”
పప్పు వడ్డించాను. సిగ్గుగా ఉంది.
“నీ కంప్యూటర్ల నా పనిజాగ ఓసారి చూపియ్యరాదు?”
రేపు రమ్మన్నాను. తన పనిజాగ చూపాలంటే తెరవాల్సిన ఫైలులో మొదటి కాగితం నలభై ఐదు మీటర్లదే. కింద నా సంతకం.