కదలకుండా కూర్చోబెట్టినందుకు

పుంగనూరు,
20-10-1983

గోవిందప్ప గారికి, మీ అమ్మాయి నాగవేణికి డ్రిల్లు నేర్పే మాస్టరు నమస్కారాలు.

పోయిన ఏడాది మదనపల్లె పోటీల్లో మీ అమ్మాయి తొడ వెనక కండరం పట్టేసి సగం పరుగులో కూలబడితే, ఎండ వల్ల అని మీకు చెప్పాను. కాదు. కాళ్ళలో బలం ఖర్చు కాకూడదని ఈల వేసేదాకా ఆమెను గంటసేపు కదలకుండా కూర్చోబెట్టింది నేనే.

మొన్న ఆగస్టు పదిహేనున మా బడి అయ్యవార్ల పరుగుపందెంలో నేనూ అలాగే కుర్చీలో కూర్చుని, గ్లూకోజు నీళ్ళు తాగి లేచాను. ఇరవై అడుగులకే నా తొడ పట్టేసింది. బడి బల్ల మీద ఇంటికి మోసుకొచ్చారు.

"యాల అంత అరస్తాండారు? ఆ బిడ్డ ఇంత గోల సెయ్యలేదే!" అంది, మదనపల్లెలో నాగవేణి పడినప్పుడు పక్కనే ఉన్న మా ఆవిడ రెడ్డెమ్మ.

నొప్పి తగ్గాక పుస్తకం తెప్పించి చదివాను. పందేనికి ముందు మెల్లగా పరుగెత్తి ఒళ్ళు వేడెక్కించాలట. తొడలు గట్టిపడాలంటే మోకాళ్ళ మీద నిలబడి, వెనక ఎవరైనా మడమలు అదిమి పట్టుకుంటే, నిదానంగా ముందుకు వాలాలట. నేను వాలుతున్నాను. నిదానం మాత్రం రాలేదు, ముక్కు చాపకు కొట్టుకుంటోంది.

అమ్మాయిని ఒక్క ఆదివారం పంపండి. ఆమె మడమలు రెడ్డెమ్మ పట్టుకుంటుంది. కానీ ముందు నేను వాలతాను. ఏడుస్తున్న బిడ్డను ఓర్చుకోమన్నవాడు బోర్లా పడటం ఆమె కళ్ళారా చూడాలి.